పోకర్ బల్ల చుట్టూ వైరస్ లెక్క

పోకర్ పోటీల్లో ఆటగాళ్లు ఓడి వెళ్లిపోతున్న కొద్దీ నిర్వాహకులు ఒక్కో బల్లనే ఎత్తేసి, అక్కడ మిగిలినవారిని ఇతర బల్లల దగ్గర ఖాళీ అయిన కుర్చీలకు పంపిస్తారు. ముక్కలు పంచే డీలర్లు కూడా దాదాపు అరగంటకోసారి బల్ల మారుతుంటారు. ఆట అందరికీ సమంగా సాగడానికి చేసిన ఈ ఏర్పాటు, అంటువ్యాధుల శాస్త్రం తెలిసినవారికి వేరే విధంగా కనిపిస్తుంది. ఒక బల్ల దగ్గర మొదలైన కోవిడ్ లాంటి వ్యాధిని హాలు నలుమూలలకూ చేర్చడానికి ఇంతకన్నా అనువైన పద్ధతిని ఊహించడం కష్టం. తొమ్మిది మంది కూర్చునే బల్ల చుట్టూ ఒకరి నుంచి మరొకరికి వ్యాధి సోకగల జతలు 36 ఉంటాయి. ఐదుగురినే కూర్చోబెడితే అవి 10కి తగ్గుతాయి.

జనసంఖ్య పెరిగే కొద్దీ ప్రమాదం ఎలా మారుతుందో చూద్దాం. ప్రతి వెయ్యి మందిలో ఒకరు తమకు తెలియకుండానే వైరస్‌ను మోస్తున్నారనుకుంటే, తొమ్మిది మంది బల్ల దగ్గర అలాంటి మనిషి ఉండే అవకాశం ఒక శాతం లోపే. వెయ్యి మంది చేరిన హాలులో అది 63 శాతానికి చేరుతుంది. లాస్ వేగస్‌లో ఏటా జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో 2019లో 8,569 మంది పాల్గొన్నారు. అంతమందిలో వైరస్ ఉన్నవారు ఒక్కరైనా ఉండడం దాదాపు ఖాయమే. వ్యాధి పది రెట్లు అరుదుగా, అంటే పదివేల మందిలో ఒకరికే ఉన్నా, ఆ అవకాశం 58 శాతం దగ్గర ఉంటుంది. పైగా ఆటగాళ్లు అనేక దేశాల నుంచి విమానాల్లో వస్తారు కాబట్టి, స్థానికంగా వ్యాధి తగ్గిందన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఈ ప్రమాదాన్ని తగ్గించడం ఎందుకు కష్టమో డబ్బు లెక్క చూస్తే తెలుస్తుంది. పోటీ బహుమతి సొమ్మంతా ఆటగాళ్లు కట్టే ప్రవేశ రుసుము నుంచే వస్తుంది. 2019 ప్రధాన పోటీలో తలా 10,000 డాలర్లు కట్టగా, నిర్వహణ వాటా పోను దాదాపు 8 కోట్ల 5 లక్షల డాలర్లు బహుమతులకు మిగిలాయి. జనాన్ని తగ్గిస్తే బహుమతి తగ్గుతుంది. బహుమతి తగ్గితే దూరదేశాల వారు రావడానికి కారణమే ఉండదు. పోటీకి ఆకర్షణ తెచ్చే సంఖ్యే వైరస్‌కూ దారి తెరుస్తుంది.

క్యాసినోల పరిస్థితి ఇంతకన్నా కొంత భిన్నం. లాస్ వేగస్ ఉన్న నెవడా రాష్ట్ర గవర్నర్ 2020 మార్చి 17న మూసివేత ప్రకటించాక, అక్కడి క్యాసినోలు జూన్ 4 వరకు తెరుచుకోలేదు. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రమంతటి జూదపు ఆదాయం అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే 99 శాతానికి పైగా పడిపోయింది. తెరిచాక, ఒక్కొక్కరుగా ఆడే జూదపు యంత్రాలైన స్లాట్ మెషీన్లు త్వరగా కోలుకున్నాయి. ఒక మెషీన్ వదిలి ఒకటి ఆపేస్తే మనుషుల మధ్య దూరం దానంతటదే ఏర్పడుతుంది, డీలర్ అవసరమూ లేదు. పోకర్ బల్లకు డీలర్ కావాలి, ఎదురెదురుగా కూర్చునే మనుషులు కావాలి, క్యాసినోకు దక్కేదేమో ప్రతి పందెం నుంచి తీసుకునే చిన్న వాటా మాత్రమే. 2021లో నెవడా క్యాసినోల ఆదాయం 1,300 కోట్ల డాలర్లు దాటి రికార్డు సృష్టించినా, లాస్ వేగస్‌లో కొన్ని పోకర్ గదులు మళ్లీ తెరుచుకోలేదు.

జాగ్రత్తల విషయంలో కూడా పొరపాటు జరిగింది. చేతులు మారే పందెపు బిళ్ళలను (చిప్స్) కడగడం, ఆటగాళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డుతెరలు నిలబెట్టడం కళ్లకు కనిపించే పనులు కాబట్టి వాటి మీద శ్రద్ధ ఎక్కువగా పెట్టారు. అయితే కోవిడ్ ప్రధానంగా గాలిలో తేలే సూక్ష్మ తుంపరల ద్వారా వ్యాపిస్తుందని, వస్తువులను ముట్టుకోవడం వల్ల కలిగే ముప్పు చాలా స్వల్పమని తరువాత స్పష్టమైంది. కిటికీలు లేని హాలులో, సిగరెట్ కోసమో పానీయం కోసమో మాస్కు దించుకుని గంటల తరబడి కూర్చునే చోట, బయటి గాలి ఎంత వస్తోందన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. పెట్టుబడి ముందుగా అక్కడే పెట్టవలసింది.

తలుపులు తెరిచినంత మాత్రాన వ్యాపారం తిరిగి రాదని చైనా పాలనలోని జూద కేంద్రం మకావు చూపింది. 2020 ఫిబ్రవరిలో అక్కడి క్యాసినోలను మూసింది 15 రోజులే. అయినా సరిహద్దు ఆంక్షల వల్ల చైనా నుంచి వచ్చేవారు తగ్గిపోయి, 2019లో 29,200 కోట్ల పటాకాలుగా (మకావు కరెన్సీ) ఉన్న ఆదాయం 2022 నాటికి 4,200 కోట్లకు కుంగింది. ఆంక్షలు తొలగిన 2023లో అది 18,300 కోట్లకు లేచింది.

పోకర్ నిర్వాహకులు 2020లో ఆన్‌లైన్‌ను ఆశ్రయించారు. అందువల్ల శ్వాస ద్వారా సోకే ముప్పు తప్పింది కానీ, లాక్‌డౌన్‌లో ఒంటరిగా ఇంట్లో ఉన్న మనిషి చేతికి వేళాపాళా లేని జూదం అందింది. ఆ హాని చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది కూడా 2020 సెప్టెంబరులోనే.

2020 డిసెంబరులో వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీ తొలి దశలు ఆన్‌లైన్‌లో ముగిశాక, మిగిలిన తొమ్మిది మందికి లాస్ వేగస్‌లో ప్రత్యక్షంగా జరిపిన చివరి బల్ల ఆటకు ముందు ఒక ఆటగాడికి పరీక్షలో కోవిడ్ ఉన్నట్లు తేలింది. నిబంధన ప్రకారం అతన్ని తప్పించి, తొమ్మిదో స్థానపు బహుమతి ఇచ్చారు. మరుసటి ఏడాది పోటీని వేసవి నుంచి శరత్తుకు జరిపి, టీకా తప్పనిసరి చేశారు. టీకా వేసుకున్న విదేశీయులకు అమెరికా నవంబరు 8న ద్వారాలు తెరవడంతో, వారు కూడా చేరేలా ప్రధాన పోటీ ప్రారంభ రోజులను పొడిగించారు. 6,650 మంది వచ్చారు. ఆంక్షలన్నీ పోయిన 2023లో ఆ సంఖ్య 10,043కు చేరి, అప్పటివరకు ఉన్న రికార్డులన్నిటినీ దాటింది.