18 అంటే నీరేనా? తోకచుక్క అయాన్లపై అపోహలు – వాస్తవాలు

తోకచుక్క కేంద్రకం, అంటే మధ్యలోని మంచు–ధూళి గడ్డ, చుట్టూ ఉండే వాయుమేఘాన్ని కోమా అంటాం. అందులోని అయాన్ల (విద్యుదావేశం ఉన్న అణువులు, పరమాణువులు) లెక్కలు చూడటం నా పని. ఈ మాట చెప్పగానే చాలామంది "అది మండుతూ ఉంటుంది కదా?" అంటారు. మండదు. ఎండకు మంచు కరగకుండానే నేరుగా ఆవిరవుతుంది, అంతే.

అపోహ: కోమా నిండా అయాన్లే.

కేంద్రకానికి దగ్గర్లో ఉన్నది దాదాపు అంతా ఆవేశం లేని వాయువే. భూమి ఉన్నంత దూరంలో సైతం సూర్యకాంతి ఒక నీటి అణువును అయానుగా మార్చాలంటే సగటున వారాలు పడుతుంది. ఆలోగా చాలా అణువులు అదే కాంతికి ముక్కలైపోతాయి.

అపోహ: ఫొటోల్లో కనిపించే ఆకుపచ్చ వెలుగు అయాన్లదే.

కాదు. అది ఆవేశం లేని జంట కార్బన్ అణువుల వెలుగు. నీలి తోక మాత్రం అయాన్లదే, ఆ రంగు ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్ అయాన్లది.

అపోహ: ద్రవ్యరాశి 18 (హైడ్రోజన్ పరమాణువుది సుమారు 1 అనుకుంటే) దగ్గర సంకేతం వస్తే అది నీరే.

కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 67పి చుర్యుమోవ్–గెరాసిమెంకో అనే తోకచుక్క వెంట 2014 ఆగస్టు నుంచి 2016 సెప్టెంబరు వరకు తిరిగిన రోసెట్టా అంతరిక్ష నౌకలో రోసినా అనే పరికరాల బృందం ఉండేది. అందులోని మాస్ స్పెక్ట్రోమీటర్లలో (ద్రవ్యరాశిని బట్టి అయాన్లను వేరుచేసి చూపే పరికరాలు) ఒకటి చాలా సునిశితమైనది. దాని గ్రాఫులో 18 దగ్గర రెండు శిఖరాలు విడివిడిగా కనిపిస్తాయి. 18.01 దగ్గరిది నీటి అయాను, 18.03 దగ్గరిది అమోనియం. మోటు పరికరమైతే రెండింటినీ కలిపి ఒకే గుట్టగా చూపి ఊరుకుంటుంది.

ఆ అమోనియం ఎక్కడిది? నీటి అయాను మరో నీటి అణువును ఢీకొని దానికి ఒక ప్రోటాన్‌ను అప్పగిస్తే హైడ్రోనియం పుడుతుంది. హైడ్రోనియానికి అమోనియా ఎదురైతే ప్రోటాన్ మళ్ళీ చేయి మారి అమోనియం పుడుతుంది, ఎందుకంటే ప్రోటాన్‌ను పట్టి ఉంచుకోవడంలో నీటి కంటే అమోనియాదే గట్టి పట్టు. దాని దగ్గర్నుంచి లాక్కోగల అణువులు కోమాలో అరుదు. కాబట్టి కోమాలో అమోనియా కొంచెమే ఉన్నా, వాయువు చిక్కబడినప్పుడు అమోనియం శిఖరం లేచి నిలబడుతుంది. 2015 ఆగస్టు 13న తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది, ఆ రోజుల కొలతల్లో దీన్ని చూడవచ్చు. అయాన్ల పాళ్ళనే మంచు కూర్పుగా రాసేస్తే బోర్లా పడినట్టే. ఎన్నిసార్లు ఢీకొన్నాయన్నది కూడా ఆ పాళ్ళలోనే కలిసిపోయి ఉంటుంది.

అపోహ: అయాన్లు పుట్టినవి పుట్టినట్టే పరికరంలోకి వస్తాయి.

రోసెట్టా ఒంటికే రుణావేశం పట్టేది. తరచుగా మైనస్ 10 వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో వచ్చే నీటి అయాను సొంత శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు కూడా ఉండదు. నౌక దాన్ని లాగేసరికి అది 10 ఎలక్ట్రాన్ వోల్టులతో వచ్చి పడుతుంది, అంటే సుమారు వందరెట్లు. వచ్చిన దిక్కు కూడా చెదిరిపోతుంది. అందుకే ఏ కొలత తీసినా నేను ముందు చూసేది ఆ సమయంలో నౌక వోల్టేజీ ఎంత అన్నదే.