దేశవాళీ వంగడాలు, అటవీ విత్తనాలు: సరిహద్దు జిల్లాల్లో అపోహలు – వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న జయపురం, రాయగడ, గుణుపురం ప్రాంతాల తెలుగు రైతులతోనూ, కొండ గ్రామాల ఆదివాసీ కుటుంబాలతోనూ కలిసి విత్తన సేకరణ చేస్తున్న నాకు తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: విత్తనాలను ఢిల్లీ జన్యు నిధిలో భద్రపరిచారు కనుక వాటికి ఇక ప్రమాదం లేదు.

వాస్తవం: ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో తన జన్యు నిధిలో మైనస్ 18 డిగ్రీల చలిలో దాచే విత్తనాలు అమూల్యమైనవే. 1950లలో కటక్ వరి పరిశోధన సంస్థ జయపురం ప్రాంతంలో సుమారు 1750 దేశవాళీ వరి రకాలను సేకరించింది. ఆ శ్రమకు మనమందరం రుణపడి ఉన్నాం. అయితే చలిగదిలోని విత్తనం సేకరించిన నాటి స్థితిలోనే ఉండిపోతుంది. మారుతున్న వానలకూ, కొత్త తెగుళ్లకూ తగినట్లు మారే అవకాశం ఏటా పొలంలో విత్తే రకానికే ఉంటుంది. అందుకే 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) జయపురం ఉన్న కొరాపుట్ ప్రాంతపు విత్తనాలను మాత్రమే కాక, అక్కడి సంప్రదాయ సాగు పద్ధతి మొత్తాన్నీ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

అడవి చెట్ల విషయంలో ఈ అపోహ మరింత హానికరం. సాల (గుగ్గిలం) చెట్టు విత్తనాన్ని వరిలా ఆరబెట్టి దాచలేము, ఆరితే అది చచ్చిపోతుంది. రాలిన వారం పది రోజులకే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. దాన్ని అడవిలో, చెట్టుగానే కాపాడుకోవాలి. పైగా సాల అడవుల సహజ విస్తృతి తూర్పు కనుమల్లో ఉత్తరాంధ్ర కొండల దాకా వచ్చి ఆగిపోతుంది. ఇలా విస్తృతి అంచున పెరిగే చెట్లలో వేడినీ, పొడి వాతావరణాన్నీ తట్టుకునే లక్షణాలు ఉండే అవకాశం ఎక్కువ కనుక వీటిని పోగొట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అపోహ: మన విత్తనాన్ని పక్క రాష్ట్రానికో, పక్క దేశానికో ఇస్తే మన సంపద పోతుంది.

వాస్తవం: వరి మొక్కలను గిడసబార్చి ఆసియా వరి పొలాలను దెబ్బతీసిన గ్రాసీ స్టంట్ వైరస్‌ను తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరిలో దొరికింది, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానితో రూపొందించిన వంగడాలు అనేక దేశాల రైతులను ఆదుకున్నాయి. ఇటువంటి మార్పిడికి నియమాలు ఏర్పరచి, ప్రయోజనంలో వాటాను కోరేదే 2001లో ఆమోదం పొంది 2004లో అమలులోకి వచ్చిన, ఆహార, వ్యవసాయ మొక్కల జన్యు వనరుల అంతర్జాతీయ ఒప్పందం. దాని జాబితాలోని 64 పంటలలో వరి, చోళ్లు (రాగులు) ఉన్నాయి గాని సాల, టేకు లేవు. సహజంగా టేకు పెరిగేది భారత్, మయన్మార్, థాయిలాండ్, లావోస్ దేశాలలోనే కనుక, దాని జన్యు వైవిధ్యాన్ని ఏ ఒక్క దేశమూ ఒంటరిగా కాపాడలేదు.

అపోహ: సంతలో దేశవాళీ విత్తనం ఇచ్చిపుచ్చుకోవడం చట్టవిరుద్ధం.

వాస్తవం: కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు.

అపోహ: ఎక్కువ మొక్కలు నాటితే జన్యు వైవిధ్యం దానంతట అదే పెరుగుతుంది.

వాస్తవం: రోడ్డు పక్కనున్న రెండు మూడు చెట్ల గింజలతో పెంచిన లక్ష మొక్కలు ఆ రెండు మూడు చెట్ల సంతానమే. దూరదూరంగా ఉన్న కనీసం పాతిక ముప్పై తల్లి చెట్ల నుంచి గింజలు సేకరించి కలపాలి. నాగావళి, వంశధార పరీవాహక ప్రాంతాలు ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలలోనూ విస్తరించి ఉన్నందున ఆ చెట్లు సరిహద్దుకు ఇరువైపులా ఉంటాయి. పది రోజులైనా నిలవని సాల గింజ తొలకరికి ముందే రాలుతుంది కాబట్టి, ఉభయ రాష్ట్రాల అటవీ శాఖలు తల్లి చెట్ల జాబితాను వేసవి ఆరంభంలోనే కలిసి ఖరారు చేసి, సేకరణ అనుమతులను ముందుగానే సిద్ధం చేయాలి.