బతికినవాళ్లంతా శత్రువులే: సిడ్నీ నౌక ఎలా దొరికింది

1941 నవంబర్ 19 సాయంత్రం ఆస్ట్రేలియా పడమటి తీరానికి దూరంగా రెండు నౌకలు తలపడ్డాయి. రెండూ మునిగిపోయాయి. జర్మన్ నౌక కోర్మొరాన్‌లో సుమారు 400 మంది ఉంటే 300 మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారు. ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీలో ఉన్నవాళ్లు 645 మంది. ఒక్కరు కూడా మిగల్లేదు.

అసలు చిక్కంతా ఈ లెక్కలోనే ఉంది. ఏం జరిగిందో చెప్పడానికి మిగిలిన సాక్షులందరూ ఒకే పక్షం వాళ్లు, పైగా గెలిచినవాళ్లు. ఆరు అంగుళాల ఫిరంగులు ఎనిమిది ఉన్న క్రూజర్, అంతకుముందు ఏడాదే మధ్యధరా సముద్రంలో బార్తొలొమెయో కొల్లెయోని అనే ఇటలీ క్రూజర్‌ను ముంచిన నౌక, సరుకు ఓడను మార్చి తయారుచేసిన ఒక మారువేషపు ఓడ చేతిలో ఎలా ఓడిపోయింది? జర్మన్లు చెప్పేది చాలామందికి నమ్మబుద్ధి కాలేదు. జపాన్ జలాంతర్గామి కొట్టిందన్నారు, లొంగిపోతున్నట్టు తెల్లజెండా చూపి మోసం చేశారన్నారు, నీళ్లలో పడినవాళ్లను మిషన్‌గన్‌తో కాల్చేశారన్నారు. నౌకే దొరక్కపోతే వీటిలో దేన్నీ తేల్చలేం. నౌక ఎక్కడుందో తెలియాలంటే మళ్లీ ఆ జర్మన్ల మాటే దిక్కు.

వాళ్లు చెప్పిన కథ క్లుప్తంగా ఇది. సిడ్నీ ఒక సైనిక రవాణా ఓడను సుండా జలసంధి దాకా సాగనంపి ఫ్రీమాంటిల్ రేవుకు తిరిగొస్తోంది. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ఒక ఓడ కనబడింది. డచ్ సరుకు ఓడ ‘స్ట్రాట్ మలాకా’ అని అది చెప్పుకుంది. నిజానికి అది కోర్మొరాన్, దాని కెప్టెన్ థియోడోర్ డెట్మర్స్. సిడ్నీ మెల్లగా దగ్గరికొచ్చి, కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ దూరంలో పక్కపక్కనే నడుస్తూ ‘ఐ కె’ అనే రెండక్షరాల జెండాలు ఎగరేసింది. స్ట్రాట్ మలాకాకు నాలుగక్షరాల రహస్య సంకేతం ఉంది, ‘ఐ ఐ కె పి’. మధ్య రెండక్షరాలు ఎదుటివాళ్లు చూపిస్తే మొదటి, చివరి అక్షరాలతో (‘ఐ పి’) బదులివ్వాలి. అసలు ఓడకూ మిత్రపక్ష నౌకాదళాలకూ తప్ప ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు. మామూలు సంకేతాల పుస్తకంలో ‘ఐ కె’ అంటే తుపాను వస్తోంది, సిద్ధంగా ఉండండి అని అర్థం. జర్మన్లకు ఏమీ బోధపడలేదు. ఇక తప్పించుకోలేమని తేలాక డెట్మర్స్ డచ్ జెండా దించి, తన నౌకాదళ జెండా ఎక్కించి, ఫిరంగుల మీది ముసుగులు తీయించాడు. అప్పుడు సమయం 5.30.

దూరం ఎందుకంత ముఖ్యమో చూడండి. సిడ్నీ ఫిరంగులు 20 కిలోమీటర్లు దాటి కొట్టగలవు. అన్ని ఫిరంగులకూ ఒకేచోటి నుంచి గురి లెక్కగట్టి పంపే నియంత్రణ గోపురం దానికుంది, కోర్మొరాన్‌కు ఆ స్థాయి ఏర్పాటు లేదు. పది కిలోమీటర్ల దూరంలో పోరు జరిగి ఉంటే ఫలితం తలకిందులయ్యేది. కిలోమీటరు దూరంలో మాత్రం లెక్కలతో పనిలేదు. 45 కిలోల బరువున్న 15 సెంటీమీటర్ల గుండు రెండు సెకన్లు గడవకముందే తగులుతుంది. ఆ దూరంలో చిన్న విమాన విధ్వంసక తుపాకులు కూడా ప్రాణాంతకమే. తొలి గుండ్లు కెప్టెన్ నిలబడే బ్రిడ్జినీ, గురి చూసే గోపురాన్నీ తాకాయి. ఆ రెండూ పోతే ప్రతి ఫిరంగి గదీ తనకు కనబడినదాన్ని తానే చూసుకుని కాల్చాలి. ఒక టార్పెడో ముందున్న ఫిరంగి గదికి కాస్త ముందు భాగంలో తగిలింది. అయినా వెనకవైపు ‘ఎక్స్’ గది గుండ్లు కోర్మొరాన్ ఇంజన్ గదిలో పడి చమురుకు నిప్పంటించాయి. నౌకను నడిపే శక్తీ, మంటలార్పే ఏర్పాటూ రెండూ పోయాయి. లోపల వందలకొద్దీ మైన్లు ఉన్నాయి కాబట్టి మంట వాటిని చేరేలోపు నౌకను వదిలేయడం తప్ప డెట్మర్స్‌కు దారిలేదు. అర్ధరాత్రి దాటాక అది పేలి మునిగింది. సిడ్నీ మండుతూ ఆగ్నేయంగా మెల్లగా వెళ్లిపోవడం జర్మన్లు చూశారు. దిగంతం దగ్గర కాసేపు ఎర్రటి వెలుగు కనిపించింది. తర్వాత అదీ లేదు.

ఇప్పుడు వెతకాలంటే ఎక్కడ వెతకాలి? డెట్మర్స్ చెప్పిన స్థానం దక్షిణ అక్షాంశం 26 డిగ్రీల 34 నిమిషాలు, తూర్పు రేఖాంశం 111 డిగ్రీలు. రేఖాంశానికి నిమిషాలు లేకపోవడాన్ని బట్టే అది దగ్గరి పూర్ణసంఖ్యకు సర్ది చెప్పిన అంకె అని అనుమానించవచ్చు. అబద్ధమనే వాదన కూడా ఎప్పుడూ ఉండనే ఉంది. యుద్ధఖైదీగా ఉన్నప్పుడు డెట్మర్స్ ఒక జర్మన్-ఇంగ్లిష్ నిఘంటువులో అక్షరాల కింద పెన్సిల్‌తో సన్నని చుక్కలు పెట్టాడు. చుక్క ఉన్న అక్షరాలను వరసగా కూర్చితే పోరు వివరం వస్తుంది. విచారణాధికారులకు చెప్పేటప్పుడు అబద్ధమాడవచ్చు గానీ, సొంత దేశం చేర్చాలని దాచుకున్న రాతలో ఆడాల్సిన అవసరం ఏముంటుంది? అందులోని కథ బయట చెప్పిన కథతో సరిపోయింది.

మిగతా నావికులు చెప్పిన స్థానాలు కూడా పదుల కొద్దీ రికార్డయ్యాయి. అవి ఒకదానికొకటి పొసగవు. కిమ్ కిర్స్‌నర్, జాన్ డన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వీటిని వేరే కోణంలో చూశారు. నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. కూడబలుక్కున్న అబద్ధమైతే అందరూ ఒకటే అంకె వల్లిస్తారు. ఒకరి నోటినుంచి మరొకరి చెవికి చేరి, సగం మరిచి, సగం గుర్తుండిన నిజమైతే అంకెలు చెదురుతాయి. ఆ చెదరడంలోనూ ఒక తీరుంటుంది, అవి ఒక మధ్యబిందువు చుట్టూ పోగవుతాయి. ఈ వాంగ్మూలాలు రెండో రకంవని వాళ్లు తేల్చారు. అంటే పొసగకపోవడమే నిజాయితీకి గుర్తయింది.

ఇంకో దారి, తేలుతూ దొరికినవాటిని వెనక్కి నడిపించడం. ట్రోకస్ అనే చమురు ఓడకు నవంబర్ 24న 25 మంది జర్మన్లున్న తెప్ప కనబడింది, పోరు జరిగిన చోటికి నూరు నాటికల్ మైళ్లకు పైగా ఉత్తరాన. రెండు లైఫ్‌బోట్లు కార్నార్వన్‌కు ఉత్తరాన ఒడ్డుకు చేరాయి. తెరచాప కట్టి, చుక్కాని పట్టి నడిపిన పడవ ఈ లెక్కకు పెద్దగా పనికిరాదు, మనిషి ఎటు తిప్పాడో ఎవరికి తెలుసు! దిక్కులేకుండా కొట్టుకుపోయిన తెప్పే నమ్మదగ్గది. దాన్ని నడిపేవి రెండు: కింద నీటి ప్రవాహం, పైన గాలి తోపుడు. గాలి వేగంలో ఎన్నో వంతు వేగంతో వస్తువు జరుగుతుందో అంచనా వేయాలి. తప్పంతా ఇక్కడే దూరుతుంది. 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) గాలి వీస్తోందనుకోండి. తోపుడు అంచనాలో ఒక్క శాతం తేడా వస్తే గంటకు 0.2 నాటికల్ మైలు. ఐదు రోజులకు అది 24 నాటికల్ మైళ్లు, అంటే 44 కిలోమీటర్లు. అందుకే ఒక్క వస్తువుతో లెక్క కట్టరు. చాలావాటిని వెనక్కి నడిపి, దారులన్నీ ఎక్కడ కలుస్తాయో చూస్తారు.

ఇదంతా జర్మన్ నౌకను పట్టుకోవడానికే అని గమనించే ఉంటారు. సిడ్నీ గురించి ఉన్న ఒకే ఆధారం ‘కోర్మొరాన్ నుంచి ఫలానా దిక్కుకు పోయింది’ అన్నది. కాబట్టి మొదట కోర్మొరాన్ దొరకాలి. శిథిలాన్వేషకుడు డేవిడ్ మెర్న్స్ 2008లో జియోసౌండర్ నౌకతో బయలుదేరినప్పుడు గీసుకున్న పెట్టె 52 నాటికల్ మైళ్ల పొడవు, 34 నాటికల్ మైళ్ల వెడల్పు. మన లెక్కలో 6,000 చదరపు కిలోమీటర్లు దాటింది. లోతు రెండున్నర కిలోమీటర్లు.

అంత లోతుకు వెలుతురు పోదు, రేడియో తరంగాలు పోవు. పనిచేసేది శబ్దమే. నీటిలో అది సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. సైడ్ స్కాన్ సోనార్ అంటే కేబుల్ చివర లాగే చేప ఆకారపు పరికరం. నేలకు కొన్ని వందల మీటర్ల ఎత్తులో ఈదుతూ రెండు పక్కలకూ శబ్దాన్ని విసురుతుంది, తిరిగొచ్చే ప్రతిధ్వనితో గీత మీద గీత పేర్చి బొమ్మ గీస్తుంది. పౌనఃపున్యం పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుంది గానీ నీరు ఆ శబ్దాన్ని త్వరగా మింగేస్తుంది, కొన్ని వందల మీటర్ల వెడల్పే కనబడుతుంది. 30 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్యం వాడితే ఒక్క గీతలో కిలోమీటర్ల వెడల్పు దొరుకుతుంది, కానీ 170 మీటర్ల నౌక కూడా బొమ్మలో చిన్న మచ్చలాగే ఉంటుంది. తొలి దశలో వెడల్పే ముఖ్యం. మచ్చ దొరికాక దగ్గరికెళ్లి పౌనఃపున్యం పెంచుకోవచ్చు.

ఖర్చు ఎక్కడవుతుందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. గీతకు ఐదు కిలోమీటర్ల వెడల్పు, పక్కగీతతో ఒక కిలోమీటరు అతివ్యాప్తి. అంటే 63 కిలోమీటర్ల వెడల్పుకు 16 గీతలు. ఒక్కో గీత 96 కిలోమీటర్లు. రెండున్నర నాట్ల వేగంతో 21 గంటలు. వేగం పెంచితే నీటి తోపుడుకు చేప పైకి లేచిపోయి నేలకు దూరమవుతుంది. గీత చివర ఓడను ఠక్కున తిప్పడం కుదరదు. వెనక కిలోమీటర్ల కొద్దీ కేబుల్ వేలాడుతుంటుంది. తొందరపడితే అది వదులై, చేప నేలకు కొట్టుకుంటుంది. ఒక్కో మలుపుకు నాలుగు గంటలు వేసుకున్నా మొత్తం 400 గంటలు, దాదాపు 17 రోజులు. ఇది వాతావరణం సహకరించి, ఒక్క పరికరం కూడా చెడనప్పటి మాట.

మచ్చ కనబడగానే నౌక అనుకోవడానికి వీల్లేదు. బండరాళ్లూ గట్టిగానే ప్రతిధ్వనిస్తాయి. చూడాల్సినవి నీడా, చెత్తా. నేల మీద లేచి నిలిచినదాని వెనక శబ్దం పడని చోట నల్లటి నీడ పడుతుంది, దాని పొడవును బట్టి వస్తువు ఎత్తు లెక్కగట్టొచ్చు. ఇక మునిగిన నౌక ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, చుట్టూ ఇనుప ముక్కలు చల్లినట్టు పడి ఉంటాయి. మార్చి 12న దొరికిన కోర్మొరాన్ అచ్చం ఇలాగే ఉంది. రెండు పెద్ద ముక్కలు, వాటి మధ్య 1,300 మీటర్ల మేర చెత్త. మైన్లు పేలిన నౌక ఎలా ఉండాలో అలా. డెట్మర్స్ చెప్పిన అక్షాంశానికీ అసలు చోటికీ తేడా 28 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు కాబట్టి 52 కిలోమీటర్ల తేడా. మోసం చేయడానికి ఇచ్చిన అంకె అయితే ఇంత దగ్గరగా ఉండేది కాదు.

ఆ తర్వాత నాలుగు రోజులే పట్టింది. ఆగ్నేయంగా 11.4 నాటికల్ మైళ్ల దూరంలో, 2,468 మీటర్ల లోతులో, మార్చి 16న సిడ్నీ దొరికింది. జర్మన్లు చూపిన దిక్కే సరైనది.

ఏప్రిల్ 3న రిమోట్‌తో నడిచే యంత్రం కిందికి దిగి తొలి చిత్రాలు పంపింది. అక్కడి పీడనం ఉపరితలం మీదికన్నా సుమారు 250 రెట్లు. నౌక నిటారుగా కూర్చుని ఉంది, ముక్కు లేదు. ముక్కు 500 మీటర్లలోపే చెత్త మధ్య విడిగా పడి ఉంది. నౌక రెండున్నర కిలోమీటర్లు దిగేటప్పుడు ముక్కలు నీటిలో పక్కలకు జారుతూ దూరమవుతాయి. ఇంత దగ్గరగా ఉన్నాయంటే, టార్పెడో చీల్చిన చోట ముక్కు విరగడం, నౌక మునగడం దాదాపు ఒకేసారి జరిగాయన్నమాట. ముక్కు ఊడిన నౌక నీటిమీద ఎక్కువసేపు నిలవలేదు. పడవలు దించే సమయం దక్కలేదు, దించాలన్నా గుండ్లు తగలని పడవ ఉండాలి కదా. టార్పెడో తగిలినప్పుడు ‘బి’ ఫిరంగి గది పైకప్పు ఎగిరిపోయిందని జర్మన్లు చెప్పారు. చిత్రాల్లో ఆ గదికి పైకప్పు లేదు. తర్వాతి విశ్లేషణలో 15 సెంటీమీటర్ల గుండ్ల దెబ్బలే 87 లెక్కకొచ్చాయి, రెండు వైపులా. 2015లో మరింత మెరుగైన కెమెరాలతో వెళ్లినప్పుడు బ్రిడ్జిని చీల్చుకుపోయిన గుండు రంధ్రం కూడా కనబడింది. 2009లో వచ్చిన విచారణ నివేదిక జర్మన్ల కథనాన్ని ప్రధానాంశాల్లో సమర్థించింది. జపాన్ జలాంతర్గామికి ఎక్కడా ఆధారం లేదు.

కెప్టెన్ జోసెఫ్ బర్నెట్ అంత దగ్గరికి ఎందుకు వెళ్లాడన్నది మాత్రం ఏ కెమెరాకూ చిక్కదు. ఆ నిర్ణయం తీసుకున్న బ్రిడ్జి మొదటి నిమిషాల్లోనే పోయింది.

నీళ్లలో పడినవాళ్లను కాల్చారన్న ఆరోపణను తేల్చింది ఒక తెప్ప. సిడ్నీకి చెందిన ‘కార్లీ’ రకం ప్రాణరక్షక తెప్ప ఒకటి పోరు తర్వాత కొద్దిరోజులకే దొరికింది, ఒళ్లంతా రంధ్రాలు. మిషన్‌గన్ తూటా గుండ్రని రంధ్రం చేస్తుంది, పేలిన గుండు ముక్క చింపిరిగా చీలుస్తుంది. తెప్పలో ఇరుక్కున్న లోహపు తునకలను పరీక్షిస్తే అవి జర్మన్ గుండ్ల ముక్కలే. నౌక మీద కట్టి ఉన్నప్పుడే దానికి దెబ్బలు తగిలాయి.

రెండో తెప్పలో ఒక మనిషి ఉన్నాడు. 1942 ఫిబ్రవరి 6న అది క్రిస్మస్ ద్వీపం దగ్గర కనబడింది, 79 రోజుల తర్వాత. సరళరేఖలో సుమారు 1,800 కిలోమీటర్లు, అంటే రోజుకు సగటున 23 కిలోమీటర్ల చొప్పున వాయవ్యంగా. ఆ ప్రాంతపు గాలికీ ప్రవాహానికీ సరిపోయే వేగమే. ఎండకు వెలిసిన నావికుడి దుస్తుల్లో ఉన్న ఆ శవాన్ని ద్వీపంలోనే పాతిపెట్టారు. తర్వాత సమాధి ఎక్కడుందో కూడా మరుగున పడిపోయింది. 2006లో వెతికి తవ్వితే పుర్రెలో లోహపు తునక దొరికింది. అదీ జర్మన్ గుండు ముక్కే. ఎముకలను 2008లో జెరాల్డ్టన్‌లోని యుద్ధ శ్మశానవాటికకు మార్చారు, పేరు తెలియని నావికుడిగానే. అతని డీఎన్‌ఏను బంధువుల వంశవృక్షాలతో పోల్చుతూ వెళ్లడానికి ఇంకా పదమూడేళ్లు పట్టింది. 2021లో పేరు తేలింది: బ్రిస్బేన్‌కు చెందిన థామస్ వెల్స్‌బీ క్లార్క్. నౌకతోపాటు పోయిన 645 మందిలో ఒడ్డుకు చేరి, పేరు తిరిగి దక్కింది ఇతనొక్కడికే.