బాటిల్ నిండుగా ఇంటికి తేవద్దు

పిల్లలూ,

బడికి తీసుకెళ్లిన వాటర్ బాటిల్ సాయంత్రం నిండుగానే తిరిగొస్తోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అసలే మన నల్గొండ ఎండలు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. అందుకే ఈ ఉత్తరం.

నీళ్లు తాగమని ఇంత ధైర్యంగా చెప్పే రోజులు మనకు ఈమధ్యే వచ్చాయి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లలో ఎన్నో ఏళ్లు బోరు నీళ్లే దిక్కు. వాటిలో ఫ్లోరైడ్ ఉండేది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అవి తాగడానికి పనికిరావు. ఏళ్ల తరబడి అవే తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, కాళ్లు వంకర పోతాయి. చూడ్డానికేమో తేటగా ఉంటాయి, వాసన కూడా రాదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఎండలో కూలికి పోయేవాళ్లకు దాహం ఎక్కువ. ఎంత ఎక్కువ తాగితే అంత ఫ్లోరైడ్ ఒంట్లోకి పోయేది. ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేశారు. దాన్ని ఇతర దేశాల్లో కూడా ‘నల్గొండ టెక్నిక్’ అనే అంటారు. ఆ తర్వాత శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు వచ్చాయి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో మన చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. కాబట్టి తాగడానికి నల్లా నీళ్లే పట్టుకోండి. పొలం దగ్గర పాత బోరు నీళ్లు చల్లగా ఉన్నాయని తాగొద్దు.

ఎన్ని తాగాలంటారా? పెద్దవాళ్లకు రోజుకు 8 గ్లాసులు, అంటే 2 లీటర్ల దాకా అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. మీకు వయసును బట్టి కొంచెం తక్కువ, ఎండలో ఆడితే ఎక్కువ. లెక్క పెట్టుకోవడం కష్టమైతే మూత్రం పోసినప్పుడు దాని రంగు చూసుకోండి. లేత పసుపైతే సరిపోతున్నట్టు, ముదురుగా ఉంటే చాలనట్టు. దాహం వేసేసరికే ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి. ఆటలో పడితే ఆ దాహం కూడా తెలియదు, తలనొప్పి వచ్చాక గాని గుర్తుకు రాదు. అలాగని ఒకేసారి బాటిల్ మొత్తం గుటగుటా తాగేయొద్దు, కొంచెం కొంచెంగా తాగండి. సల్ల, అంబలి, ముంజలు కూడా మంచివే. కూల్ డ్రింక్ మాత్రం వద్దు. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది.

వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెప్పించుకోండి. అది దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపి తాగాలి. స్పూన్లు తలకొట్టి, అంటే అంచుకు సమంగా కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఆస్పత్రికి పోవడం మాత్రం ఆపొద్దు.

ఇక ఆడపిల్లలకు ఒక మాట. బడిలో బాత్రూం బాగాలేదని పొద్దున్నుంచి నీళ్లు మానేస్తున్నారని నాకు తెలుసు. తాగకపోయినా, వచ్చింది ఆపుకున్నా మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. మంట, జ్వరం, చదువు మీద ధ్యాస ఉండదు. తప్పు మీది కాదు, బాత్రూం బాగుచేయించడం పెద్దవాళ్ల పని. మీ టీచరుకు చెప్పండి. మొహమాటంగా ఉంటే నాకు ఫోన్ చేయండి, నేనే వచ్చి హెడ్మాస్టరుతో మాట్లాడతాను.

మీ నాయనమ్మ