మడ్డి నీటికి ఎండ వైద్యం

పామాయిల్ మిల్లులో నూనె తీయడానికి రసాయనాలేవీ కలపరు. ఆవిరి, వేడినీళ్లు, స్క్రూ ప్రెస్, అంతే. కాబట్టి అక్కడి నుంచి బయటికొచ్చే నీటిలో విషమని చెప్పుకోదగ్గదేమీ ఉండదు. పండు గుజ్జు, పీచు తునకలు, చేతికి చిక్కకుండా జారిపోయిన కాస్త నూనె ఉంటాయి. అయినా ఆ నీరు వాగులో కలిస్తే చేపలు చచ్చి తేలతాయి. వాగులోని బ్యాక్టీరియాకు అదొక పెళ్లి భోజనం. తిన్నది అరిగించుకోవడానికి అవి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌నంతా వాడేసుకుంటాయి. తిన్నవాళ్లు బాగానే ఉంటారు, పక్కనున్న చేపకు ఊపిరాడదు.

ఇంత నీరు ఎక్కడి నుంచి వస్తుంది? కోసిన గెల ఆలస్యమయ్యేకొద్దీ పండులోని ఎంజైములు నూనెను విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. అందుకే మిల్లుకు చేరగానే గెలలను పెద్ద డ్రమ్ముల్లో పెట్టి 140 డిగ్రీల ఆవిరితో గంటో గంటన్నరో ఉడికిస్తారు. ఎంజైములు చస్తాయి, పండ్లు గెల నుంచి వదులవుతాయి. ఆ ఆవిరి చల్లబడి నీరవుతుంది. తర్వాత పిండిన నూనెలో వేడినీళ్లు పోసి తేరబెడతారు. పైకి నూనె తేలుతుంది, అడుగున మడ్డి మిగులుతుంది. వ్యర్థ జలంలో సగానికి పైగా ఈ మడ్డే. మొత్తం మీద ఒక టన్ను ముడి పామాయిల్‌కు రెండున్నర నుంచి మూడు టన్నుల మురికి నీరు వస్తుంది. ముదురు గోధుమ రంగు, 80 డిగ్రీల పైన వేడి, పుల్లటి గుణం.

దాని బలాన్ని బీఓడీతో కొలుస్తారు. ఒక లీటరు నీటిలోని మురికిని అరిగించడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క అది. మన ఇళ్ల మురుగు నీటికి ఇది లీటరుకు 200, 300 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. పామాయిల్ మడ్డి నీటికి సుమారు 25,000. శుభ్రమైన వాగు నీటిలో ఉండే ఆక్సిజన్ లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాములే. భాగించి చూడండి: ఒక్క లీటరు మడ్డి నీరు మూడు వేల లీటర్ల వాగు నీటిలోని ప్రాణవాయువును మింగగలదు.

మలేసియా ఈ దెబ్బ ముందే తిన్నది. అక్కడి ప్రభుత్వం 1977లో మిల్లులకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఒక్కసారిగా బిగించకుండా మెట్లు మెట్లుగా దింపింది. 1978లో బీఓడీ 5,000కు మించకూడదంది, 1984కల్లా 100కు తెచ్చింది. మిల్లులు ఎంచుకున్న మార్గం చెరువులు. వరసగా లోతైన చెరువులు తవ్వి, ఒకదాని నుంచి ఇంకోదానికి నీరు మెల్లగా పారనిస్తూ వారాల తరబడి నిలవ ఉంచుతారు. గాలి చొరని అడుగున వాయురహిత బ్యాక్టీరియా మురికిని తిని మీథేన్ వదులుతుంది. చవకైన పద్ధతి, పనిచేస్తుంది కూడా. మూత లేని చెరువు నుంచి మీథేన్ నేరుగా ఆకాశంలోకి పోవడమే దాని పాపం. మూత వేసి పట్టుకుంటే టన్ను మడ్డి నీటికి 28 ఘనపు మీటర్ల వరకు బయోగ్యాస్ దక్కుతుంది.

అయితే చివరి చెరువు నుంచి వచ్చే నీరు కూడా టీ డికాషన్ రంగులోనే ఉంటుంది. బ్యాక్టీరియాకు నచ్చినవన్నీ అయిపోయాయి, నచ్చనివి మిగిలాయి: లిగ్నిన్ ముక్కలు, టానిన్లు, ఫినాల్ జాతి పదార్థాలు, ఉడికేటప్పుడు చక్కెరలూ ప్రోటీన్లూ కలిసి ఏర్పడిన గోధుమ రంగు పదార్థాలు. వీటిలో చాలావాటి అణువుల్లో బెంజీన్ వలయాలు, అంటే ఆరు కార్బన్ పరమాణువులు గుండ్రంగా చేతులు పట్టుకున్న గట్టి కట్లు ఉంటాయి, అవి అంత తేలిగ్గా విరగవు. బోర్నియో దీవిలోని సబా, సరవాక్ రాష్ట్రాల్లో కొన్ని మిల్లులకు బీఓడీ హద్దు 100 కాదు, 20. అక్కడ చెరువులు చేతులెత్తేస్తాయి. కాంతి ఉత్ప్రేరకాల మాట, అంటే వెలుగు తగిలితే తాము ఖర్చు కాకుండా రసాయన చర్యను నడిపించే పదార్థాల మాట, వచ్చేది ఇక్కడే.

కొన్నేళ్లు ఎండలో ఉన్న పాత తెల్ల పెయింటు మీద చెయ్యి రాస్తే సుద్దపొడిలా అంటుకుంటుంది. తెల్లరంగు కోసం కలిపిన టైటానియం డయాక్సైడ్ ఎండ తగిలినప్పుడల్లా తన చుట్టూ ఉన్న జిగురును కొద్దికొద్దిగా కొరికేస్తుంది, పట్టు వదిలిన రంగు పొడిగా రాలుతుంది. పెయింటు కంపెనీలకు ఇదొక శని. దాన్ని ఆపడానికి ప్రతి రేణువుకూ సిలికా, అల్యూమినా పూతలు పూస్తారు. ఆ పూత తీసేసి, అదే దుర్గుణాన్ని మురికి మీదికి తోలడమే కాంతి ఉత్ప్రేరక శుద్ధి. జపాన్‌కు చెందిన అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 1972లో టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని చూపించాక శాస్త్రలోకం దీని వెంట పడింది.

లోపల జరిగేది ఇది. తగినంత శక్తిగల కాంతి కణం తగిలితే రేణువులోని ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి పైకి లేస్తుంది. అది లేచిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ ఎలక్ట్రాన్ కోసం ఆవురావురుమంటుంది. పక్కనున్న నీటి నుంచి లాక్కుంటే హైడ్రాక్సిల్ రాడికల్ అనే, దేనితోనైనా కలబడే నీటి అణువు తునక పుడుతుంది. దీని ఆయుష్షు సెకనులో అతి చిన్న భాగం, కానీ క్లోరిన్ కన్నా, ఓజోన్ కన్నా కసి ఎక్కువ. ఎదురుపడ్డ అణువునల్లా కరుస్తుంది, బెంజీన్ వలయాన్నీ వదలదు. ముక్కలు ముక్కలై చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు మిగులుతాయి. పొడి మాత్రం ఖర్చు కాదు.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. పరిశోధన పత్రాలు చదివినా అలాగే ఉంటుంది, గాజు బీకరు దాటనంత వరకు. ఈ పనిలో ముందున్న మలేసియా పహాంగ్ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో అతినీలలోహిత దీపం కింద నాలుగు గంటల్లో సుమారు సగం మురికి పోయింది. ఆ తర్వాత ఇంకొంత పోవడానికి దాదాపు రోజంతా పట్టింది. మురికి పలచబడేకొద్దీ రాడికల్‌కు అది ఎదురుపడే అవకాశం తగ్గుతుంది మరి.

అసలు చిక్కు రంగే. పోగొట్టాల్సిన ఆ గోధుమ రంగే వెలుగును ముందు తను మింగేస్తుంది. నీరు ఎంత ముదురైతే పొడికి అందే కాంతి అంత తక్కువ. కాబట్టి 25,000 బీఓడీ ఉన్న పచ్చి మడ్డిలో ఈ పొడి చల్లడం అమావాస్య రాత్రి వడియాలు ఎండబెట్టడం లాంటిది. ఆ పని బ్యాక్టీరియాకు వదిలేసి, గ్యాసు పట్టుకుని, ఆఖరి మెరుగు మాత్రమే ఎండకు అప్పజెప్పాలి. పత్రాల్లో కొన్ని ఈ తేడాను చిన్న అక్షరాల్లో రాస్తాయి, వార్తలు అసలు రాయవు.

రెండో చిక్కు కాంతి రకం. టైటానియం డయాక్సైడ్‌కు 388 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలే పనికొస్తాయి. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్లు ఇస్తే అందులో అవి 50 వాట్లకు మించవు. దీపాలు పెడితే కరెంటు బిల్లు. అందుకే మామూలు వెలుగుతోనూ పనిచేసే పొడుల వేట సాగుతోంది: టైటానియం డయాక్సైడ్‌కు నైట్రోజన్, వెండి, రాగి వంటివి అద్దడం, టంగ్‌స్టన్ ఆక్సైడ్, బిస్మత్ వనడేట్, కార్బన్ నైట్రైడ్ వాడటం. వీటిలోనూ లేచిన ఎలక్ట్రాన్ చాలాసార్లు నీటిదాకా వెళ్లదు, క్షణంలో తిరిగొచ్చి తన ఖాళీలోనే కూర్చుంటుంది. మడ్డి నీటిలో సహజంగా ఉండే క్లోరైడు, బైకార్బొనేటు అయాన్లు పుట్టిన రాడికల్స్‌నూ మధ్యలోనే తినేస్తాయి.

మూడోది బొత్తిగా మేస్త్రీ లెక్క. గంటకు 30 టన్నుల గెలలు ఆడే మిల్లు రోజుకు 20 గంటలు నడిస్తే దాదాపు 400 టన్నుల మడ్డి నీరు వస్తుంది. లీటరుకు గ్రాము చొప్పున పొడి వేస్తే రోజుకు 400 కిలోలు. పిండి కన్నా మెత్తటి ఆ పొడిని మళ్లీ నీటి నుంచి వేరుచేయాలి. వడపోత గుడ్డలు ఆగవు. రేణువు లోపల అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడు పెట్టి అయస్కాంతంతో లాగడం ఒక ఉపాయం. గాజు పూసల మీద, పలకల మీద పూతగా అతికించి నీటిని పలచగా వాటి మీదుగా పారించడం ఇంకొకటి. పూత పద్ధతిలో నీటికి తగిలే ఉపరితలం తగ్గుతుంది, పని నెమ్మదిస్తుంది. అయినా మిల్లు దాకా రాగలిగేది అదేనని నాకనిపిస్తుంది. రోజూ పొడి ఏరుకునే ఓపిక ఏ మిల్లుకూ ఉండదు.

మనకిది పరాయి గోల కాదు. దేశంలో పండే ఆయిల్ పామ్ గెలల్లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. పరిశోధన సంస్థ పెదవేగిలో ఉంది, మిల్లులు పెదవేగి నుంచి అశ్వారావుపేట దాకా ఉన్నాయి, 2021లో 11,040 కోట్లతో జాతీయ మిషన్ ప్రకటించాక తోటలు కొత్త జిల్లాలకూ పాకాయి. గెల ధర మీద, నూనె శాతం మీద జరిగినంత చర్చ మడ్డి నీటి మీద జరగడం నేను వినలేదు. టైటానియం ఖనిజం ఇల్మనైట్ కూడా మన భీమిలి, శ్రీకాకుళం తీరపు నల్ల ఇసుకలోనే ఉంది. ఎండ సంగతి సరేసరి, అదొక్కటే మనకెప్పుడూ కరువు లేనిది. కాకపోతే మన తోటల్లో గెలలు విరగకాసి మిల్లులు రాత్రింబవళ్లు ఆడేది జూన్ తర్వాత, ఆకాశం మబ్బు పట్టి ఉండే నెలల్లో.