తలుపు ఎంత తెరుచుకుంది?

ఒక చిన్న కత్తెరను, దానికి రెండింతలున్న మరో కత్తెరను సరిగ్గా ఒకే మేర తెరిచి పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది పెద్ద కోణం చేస్తోందని అడిగితే, చాలామంది పిల్లలు తడుముకోకుండా పెద్ద కత్తెరనే చూపిస్తారు. ఇది అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదు. అప్పటిదాకా వాళ్లు స్కేలుతో కొలిచినవన్నీ పొడవులే కాబట్టి, కోణాన్ని కూడా పొడవు లాంటి కొలతగానే ఊహించుకుంటారు. భుజాలు పొడవైతే కోణం పెరిగిందనీ, కురచవైతే తగ్గిందనీ అనుకుంటారు. ఈ అపోహ తీరకముందే కోణమానిని చేతికిస్తే, అంకెలు చదవడం నేర్చుకుంటారు గాని, ఆ అంకె దేన్ని చెబుతోందో వారికి తెలియదు. అందువల్ల కొలత కన్నా ముందు నేర్పవలసింది మలుపు అని నా గట్టి నమ్మకం.

ఇందుకు తలుపు కంటే మంచి పరికరం దొరకదు. మూసి ఉన్న తలుపును మెల్లగా తెరుస్తూ, కీలుకు దగ్గరగా ఒక చోట, చివరి అంచున మరో చోట వేలుపెట్టి చూడమనాలి. కీలు దగ్గరి వేలు జానెడు కూడా కదలకముందే అంచున ఉన్న వేలు గదిలోకి చాలా దూరం వచ్చేస్తుంది, అయినా తలుపు తిరిగిన మేర రెండు చోట్లా ఒక్కటే. ఆ తిరిగిన మేరే కోణం. పూర్తిగా ఒక చుట్టు తిరిగితే 360 డిగ్రీలు, సగం చుట్టు 180, పావు చుట్టు 90. 360 అనే సంఖ్య మనకు 60 ఆధారంగా లెక్కలు కట్టిన ప్రాచీన బాబిలోనియా సంప్రదాయం నుంచి వచ్చింది. దానిని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 24 ఉన్నాయి కనుక, చుట్టును సగం, మూడోవంతు, ఐదోవంతు, ఎనిమిదోవంతు చేసినా పిల్లలకు భిన్నాల బెడద ఉండదు.

మలుపు అర్థమైన పిల్లలు చుట్టూ ఉన్న వస్తువుల్లో కోణాలను వెతకడం మొదలుపెడతారు, కాని అన్నీ ఒకే తేలికతో దొరకవు. గణిత విద్యను పరిశోధించిన మైకేల్ మిచెల్‌మోర్, పాల్ వైట్ ఈ తేడాను చక్కగా వివరించారు. కత్తెరలోను, పుస్తకం మూలలోను రెండు భుజాలూ కంటికి కనిపిస్తాయి కాబట్టి కోణాన్ని గుర్తించడం సులువు. ఏటవాలు దారిలో ఒక్క భుజమే కనిపిస్తుంది, రెండోదైన సమతలాన్ని మనసులో గీసుకోవాలి. తిప్పుతున్న తలుపు గుబ్బలో రెండు భుజాలూ ఊహించుకోవలసినవే. కాబట్టి పిల్లవాడు జారుడుబల్లను చూపించి ఇందులో కోణం ఏదని అడిగినప్పుడు, జవాబు చెప్పేయకుండా, కనిపించని ఆ రెండో గీతను ఒక కర్రతో చూపించమని అతనినే అడగడం మంచిది. గోడకు ఆనించిన నిచ్చెన కూడా మంచి ఉదాహరణ. గోడపై అది ఆనే ఎత్తులో నాలుగో వంతు దూరంలో నిచ్చెన అడుగు ఉండాలన్న భద్రతా నియమాన్ని కోణంగా మారిస్తే, నేలతో సుమారు 76 డిగ్రీలు వస్తుంది. చక్రాల కుర్చీల కోసం 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగేలా కట్టే వాలుబాట నేలతో చేసే కోణం 5 డిగ్రీల కంటే తక్కువ. అంత చిన్న కోణం కూడా చేతులతో చక్రాలు తిప్పుకునే మనిషికి ఎంత బరువో పిల్లలు తెలుసుకోవాలి.

కొలిచే మొదటి పరికరాన్ని పిల్లలే చేసుకోవచ్చు. అంచులు ఎలా చిరిగినా సరే, ఒక కాగితాన్ని మడిచి, ఆ మడత గీత తన మీద తానే సరిగ్గా పడేలా మరోసారి మడిస్తే మూలలో లంబకోణం వస్తుంది. తిన్నని గీత 180 డిగ్రీలు, దాన్ని రెండు సమభాగాలు చేశాం కాబట్టి 90. వడ్రంగి మూలమట్టంతో చేసే పనిని ఈ కాగితం మూలతో చేయవచ్చు. కిటికీ మూలకో, కుర్చీ వీపు వంపుకో దాన్ని ఆనించి, లంబకోణం కన్నా తక్కువైతే అల్పకోణమనీ ఎక్కువైతే అధికకోణమనీ విడదీయవచ్చు. ఇక్కడ కాగితాన్ని అన్ని దిక్కులకూ తిప్పి వాడించడం ముఖ్యం. పుస్తకాల్లో లంబకోణం ఎప్పుడూ ఒక గీత అడ్డంగా, మరొకటి నిలువుగా ఉండటం వల్ల, అదే కోణం పక్కకు ఒరిగితే దాన్ని గుర్తుపట్టని పిల్లలు ఉన్నారు.

ఆ తరువాతే కోణమానిని. దానిపై రెండు వరుసల అంకెలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి, 60 అనవలసిన చోట 120 అని చదవడం అందరికీ ఎదురయ్యే తప్పు. కొలిచే ముందే ఇది లంబకోణం కన్నా చిన్నదా, పెద్దదా అని అంచనా చెప్పించే అలవాటు చేస్తే, ఆ తప్పును పిల్లలు తమంతట తామే పట్టుకుంటారు. శీర్షాన్ని, అంటే రెండు భుజాలు కలిసే బిందువును, ప్లాస్టిక్ అంచు మీద కాక కోణమానిని మధ్యబిందువు మీద ఉంచాలని మొదటి రోజే చూపించాలి. భుజాలు కురచగా ఉండి అంకెలను అందుకోకపోతే స్కేలుతో పొడిగించాలి. అలా పొడిగించినా కోణం మారలేదని గమనించిన పిల్లవాడికి కత్తెరల చిక్కుముడి అక్కడే విడిపోతుంది. గుండ్రని మూలలున్న వస్తువుల మీద కోణమానిని నిలవదు కాబట్టి, రెండు అట్టముక్కలను ఒక చివర గుండుసూదితో కలిపి, వస్తువుకు ఆనించి, ఆ తెరుపును కాగితం మీదికి దించి కొలవాలి. ఒకరికి 88, మరొకరికి 91 వస్తే మందలించనక్కర్లేదు, మళ్లీ కొలవమంటే చాలు.

గోడ గడియారం ముందు మాత్రం ఎక్కువసేపు ఆగాలి. మూడు గంటలకు ముళ్ల మధ్య 90 డిగ్రీలని అందరూ చెబుతారు. మూడున్నరకు ఎంత అని అడిగితే, నిమిషాల ముల్లు ఆరు మీద, గంటల ముల్లు మూడు మీద ఉన్నట్లు ఊహించుకొని మళ్లీ 90 అంటారు. కాని ఆ అరగంటలో గంటల ముల్లు కూడా మూడుకీ నాలుగుకీ మధ్యకు, అంటే 15 డిగ్రీలు జరిగింది, కాబట్టి మిగిలింది 75 మాత్రమే. ఈ జవాబును నోటితో చెప్పడం కన్నా, పిల్లలు గడియారం దగ్గరకు వెళ్లి చూసి వచ్చేలా చేయడం మేలు.

చివరగా గీతలు వదిలి నేల మీదికి రావచ్చు. 1967లో సేమర్ పాపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం రూపొందించిన లోగో అనే కంప్యూటర్ భాషలో, ముందుకు నడిచి, చెప్పినంత మేర తిరిగే ఒక తాబేలు ఉంటుంది. సమబాహు త్రిభుజం గీయించాలంటే పిల్లలు ముందుగా తాబేలును 60 డిగ్రీలు తిప్పమంటారు, త్రిభుజం రాదు. తిరగవలసింది లోపలి కోణం మేర కాదు, బయటి కోణమైన 120 మేర. కంప్యూటర్ లేకపోయినా, నేల మీద సుద్దతో గీసిన త్రిభుజం చుట్టూ పిల్లవాడు తానే నడిచి చూడవచ్చు. మూడు మూలల్లో మూడుసార్లు 120 డిగ్రీలు తిరిగి, బయలుదేరిన చోటికి వచ్చి, మొదట చూసిన వైపే చూస్తూ నిలబడతాడు. చతురస్రం చుట్టూ నడిస్తే నాలుగుసార్లు 90, షడ్భుజం చుట్టూ ఆరుసార్లు 60. ప్రతిసారీ తిరిగింది సరిగ్గా ఒక చుట్టే.