జిమ్ జోన్స్‌ది ఏ జబ్బు? కల్ట్ నాయకుల గురించి అపోహలు - వాస్తవాలు

సైకియాట్రిస్టునని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు అడుగుతారు: "ఫలానా బాబాది నార్సిసిజమే కదా డాక్టరు గారూ?" నార్సిసిజం అంటే తన గొప్పే తప్ప ఇంకొకరి బాధ పట్టని తత్వం. నేను పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోతాను. నేను పరీక్ష చేయని మనిషి జబ్బుకి పేరు పెట్టడం మా వృత్తిలో తప్పు. అందుకే ఎప్పుడో చనిపోయిన ఒకాయన్ని తీసుకుని చెబుతాను. ఆయన పీపుల్స్ టెంపుల్ అనే అమెరికా కల్ట్‌కి, అంటే ఒకే మనిషి గుప్పిట్లో నడిచే మత బృందానికి, నాయకుడు జిమ్ జోన్స్. 1978 నవంబర్ 18న దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవిలో, ఆయన పేరుతోనే వెలిసిన జోన్స్‌టౌన్‌లో 909 మంది చనిపోయారు. సయనైడ్ కలిపిన పానీయం ముందు పిల్లలకే పట్టించారు.

అపోహ: నాలుగు ప్రసంగాలు చూస్తే జబ్బేమిటో చెప్పేయొచ్చు.

వాస్తవం: 1964లో అమెరికాలో ఒక పత్రిక సైకియాట్రిస్టులకు ప్రశ్నలు పంపితే, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న బారీ గోల్డ్‌వాటర్ మానసికంగా ఆ పదవికి పనికిరాడని 1,189 మంది రాసిచ్చారు. ఆయన కోర్టుకెళ్లి పత్రిక మీద గెలిచాడు. పరువు పోయింది మాది. పరీక్ష చేయని వ్యక్తికి డయాగ్నోసిస్ చెప్పకూడదని 1973లో అక్కడి సైకియాట్రిస్టుల సంఘం నియమం పెట్టుకుంది.

మర్యాద కోసం పెట్టుకున్న నియమమని అనుకోకండి. యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ (ఇతరుల హక్కుల్ని లెక్కచేయకుండా మోసాలకీ హింసకీ దిగే వ్యక్తిత్వ లోపం) అని రాయాలంటే పదిహేనేళ్ల లోపే ఆ పోకడలు కనిపించి ఉండాలి. ఆ సంగతి తల్లో, అన్నో, చిన్నప్పటి టీచరో చెప్పాలి. మైకు ముందు ఊగిపోతున్న మనిషిలో అది దొరకదు.

జోన్స్ విషయంలో వందల కొద్దీ టేపులున్నాయి, బతికి బయటపడినవాళ్ల సాక్ష్యాలున్నాయి. అయినా ఒక చిక్కు ఉంది. ఆయన ఏళ్ల తరబడి ఉత్తేజకాలూ మత్తుమందులూ వాడాడు. పోస్ట్‌మార్టమ్‌లో పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు బయటపడింది. ఆఖరి రోజుల్లో ఆయన అనుమానాల్లో స్వభావం ఎంత, మందుల పాలు ఎంత? మందు ప్రభావం వల్ల వచ్చిన ప్రవర్తనని వ్యక్తిత్వ లోపంగా లెక్కకట్టకూడదని, జబ్బులు నిర్ధారించడానికి మేం వాడే అమెరికన్ మాన్యువల్ అంటుంది.

ఇంకో మాట. నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అనే పేరు ఆ అమెరికన్ మాన్యువల్‌లోకి ఎక్కిందే 1980లో, అంటే ఆయన పోయిన రెండేళ్లకు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కొత్త జబ్బుల వర్గీకరణ పుస్తకం ఐసీడీ-11లో విడిగా ఆ పేరే లేదు. తీవ్రత ఎంత, ఏ ఏ లక్షణాలు ఉన్నాయి అని రాయమంటుంది.

అపోహ: తానే దేవుడినంటున్నాడంటే మతి చలించినట్టే.

వాస్తవం: భ్రమలో ఉన్నవాడు తను చెప్పేది నమ్ముతాడు. జోన్స్ సభల్లో రోగి ఒంట్లోంచి "క్యాన్సర్ గడ్డ" బయటికి తీసి చూపించేవారు. అది కుళ్లిన కోడి మాంసం. దాన్ని ముందుగా ఏర్పాటు చేసుకున్నవాడికి అది కోడి అని తెలియదా? అయితే మోసమూ నమ్మకమూ ఒకే మనిషిలో కలిసిపోవచ్చు. పోనుపోను తన అబద్ధాన్ని తనే నమ్మేవాళ్లున్నారు, ఆ గీత ఎక్కడుందో బయటినుంచి చూసి చెప్పలేం. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, సమాజం నమ్మేదానికి భిన్నంగా నమ్మినంత మాత్రాన జబ్బుగా తేల్చొద్దంటుంది.

అపోహ: జబ్బని తేలితే శిక్ష తప్పుతుంది.

వాస్తవం: వ్యక్తిత్వ లోపం ఉన్నవాడికి తను చేసేది తప్పని మామూలుగా తెలుస్తూనే ఉంటుంది. టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువు వదిలించిన జపాన్ కల్ట్ నాయకుడు షోకో అసహారా విచారణను ఎదుర్కొనే స్థితిలో లేడని లాయర్లు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. 2018లో ఉరి తీశారు.

అపోహ: పర్సనాలిటీ డిజార్డర్ అంటే ప్రమాదకరమైన మనిషి.

వాస్తవం: ఈ పేరుతో నా ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమను తామే బాధపెట్టుకుంటున్నవాళ్లు. ప్రతి దుర్మార్గుడికీ ఆ పేరు తగిలిస్తే వీళ్లు డాక్టరు దగ్గరికి రావడానికే జంకుతారు.

అపోహ: నాయకుడి జబ్బు తెలిస్తే అంతా అర్థమైనట్టే.

వాస్తవం: అహంకారం, కపటం, జాలి లేకపోవడం చాలామందిలో ఉంటాయి. వాళ్లలో చాలామంది ఇంట్లోవాళ్లని ఏడిపించి అక్కడితో ఆగిపోతారు. జోన్స్‌కి అడవి దొరికింది, చుట్టూ తుపాకుల కాపలా దొరికింది, విషం తాగే రిహార్సల్స్‌కి లేచి వచ్చే జనం దొరికారు. ఆ జనం తెలివితక్కువవాళ్లూ కారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల మీద తినే చోటు కోసం వచ్చిన నర్సులు, టీచర్లు, పెన్షన్ మీద బతికే ముసలమ్మలు. చివరి రోజు టేపులో క్రిస్టీన్ మిల్లర్ అనే ఆవిడ లేచి, పసిపిల్లలకైనా బతికే హక్కుందని వాదించడం వినిపిస్తుంది. ఆవిడ నోరు మూయించడానికి జోన్స్ ఎక్కువ కష్టపడలేదు, చుట్టూ ఉన్నవాళ్లే అరిచారు. ఏ డయాగ్నోసిస్‌లోనూ ఆ అరుపులు పట్టవు.

అందుకే పిల్లలు ఏ ఆశ్రమంలోనో చిక్కుకుపోయారని ఎవరైనా నా దగ్గరికి వచ్చి "ఆయనకేం జబ్బు?" అని అడిగితే, నేను వేరే ప్రశ్నలు వేస్తాను. అబ్బాయి ఫోన్ ఎవరి చేతిలో ఉంది? జీతం ఎవరి ఖాతాలో పడుతోంది? చెల్లెలి పెళ్లికి రావాలంటే ఎవరిని అడగాలి? ఆధార్, పాస్‌పోర్టు తన దగ్గరే ఉన్నాయా? జోన్స్‌టౌన్‌లో అడుగుపెట్టినవాళ్ల పాస్‌పోర్టులు తీసేసుకునేవారు.